చిన్న యింటికి గాలి గొట్టము



ఈ పూట నేను చెప్పబోవు విషయము నలుగురిలో ఎత్తదగినది కాదని కొందఱికి తోచవచ్చును. మరుగుదొడ్డి మాట సభలో పలుకుట మనకు అలవాటు లేదు. కాని దూలము ఎంత లావుండవలెను, సింహద్వారము ఏ దిక్కున నుండవలెను అని పదిమందిని విచారించి ఇల్లు కట్టుకొను మనము, ఆ యింటి వెనుక గోడ నంటి నిలిచియుండు గాలి గొట్టము ఎంత లావుండవలెనో ఒక్కరినైనను అడుగుట లేదు. దుకాణమున చవుకగా దొరకిన ముక్కను తాపీమేస్త్రీ తెచ్చి నిలువబెట్టును. మనము సరే యందుము. ఆ గొట్టమునకు పని యేమి, లావెంత, ఎత్తెంత, ఎక్కడ అది కావలెను, ఎక్కడ అక్కఱలేదు అనునవే నేటి నా మాటలు.

మన తాతల కాలమున ఈ ప్రశ్నయే లేకుండెను. ఊరికి వెలుపల బయలుండెను, తుమ్మచెట్ల చాటుండెను. ఇప్పుడు మరుగుదొడ్డి ఇంటిలోనికి వచ్చినది. అనేక గృహములలో పడకగదిని ఆనుకొని వచ్చినది. దానివెంట సెప్టిక్ ట్యాంకు పెరటిలోనికి, చోటు చాలనిచోట వాకిటి అరుగు క్రిందికి వచ్చి చేరినది. గాలి చొరని ఆ తొట్టిలో మలము కుళ్ళి కరుగునప్పుడు వాయువులు పుట్టును. అందు మండు స్వభావము గల మీథేన్ ఒకటి. బొగ్గుపులుసు గాలి ఒకటి. కుళ్ళిన గ్రుడ్డు కంపు గొట్టు హైడ్రోజన్ సల్ఫైడ్ మఱియొకటి. ఈ కడపటిది విషము. ఇవి పుట్టకుండ చేయుట మన వశము కాదు. పుట్టుట చేతనే తొట్టి తన పని తాను చేయుచున్నదని అర్థము. కాని పుట్టిన వాయువు ఎటో ఒకవైపునకు పోవలెను. ఆకాశమునకు త్రోవ చూపనిచో అది మన గదిలోనికి త్రోవ చేసికొనును.

గదికిని తొట్టికిని నడుమ అడ్డమేమున్నది? మరుగుదొడ్డి బేసిను క్రింద గొట్టము తిన్నగా దిగదు. హంస మెడవలె ఒకసారి క్రిందికి వంగి, మరల పైకి లేచి, అటు తరువాత దిగును. మేస్త్రీలు దీనిని ట్రాపు అందురు. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. లండను నగరమున గడియారములు చేయు అలెగ్జాండర్ కమ్మింగ్ అనునతడు 1775వ సంవత్సరమున ఈ వంపును తన మరుగుదొడ్డికి చేర్చి హక్కుపత్రము పొందెను. చూచుటకు స్వల్పమైన ఉపాయము. కాని నేటికిని ఇంటికి, మురికికి నడుమ నున్న తలుపు ఆ చేరెడు నీరే. చేతులు కడుగుకొను బేసినుకును, వంటింటి సింకుకును, స్నానపుగది నేలమీది నహానీ ట్రాపునకును ఇట్టి నీటి అడ్డే యున్నది.

ఈ నీటి అడ్డు ఎంత బలమైనదో మీరు ఊహింపవలెను. పట్టణపు తరహా బేసినులలో దాని లోతు సుమారు 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములు. రెండు లీటర్ల నీటితోనే శుభ్రపడునట్లు పల్లెలకై చేసిన బేసినులలో 20 మిల్లీమీటర్లు మాత్రమే. అంగుళము కూడ లేదు. తొట్టిలోని వాయువు ఈ అంగుళము లోతు నీటిని పక్కకు నెట్టగలిగినచో చాలును, గదిలోనికి బుడగలై వచ్చును. మనము నోటితో మెల్లగా ఊదిన ఊపిరియే అంతకంటె బలమైనది.

నీటి అడ్డును పాడుచేయునవి రెండు బలములు గలవు. ఒకటి లాగుట, రెండవది త్రోయుట.

లాగుట యనగా నెట్టిదో పీపాలోనుండి రబ్బరు గొట్టముతో కిరసనాయిలు తీసినవారికి చెప్పనక్కఱలేదు. గొట్టము నిండుగా నున్నప్పుడు ఒక కొన దిగువగా నుంచినచో, ఆ దిగు ధార వెనుకనున్న దానిని తనవెంట లాగుకొని పోవును. మేడమీది మరుగుదొడ్డిలో ఒక్కసారిగా పది లీటర్ల నీరు వదలినప్పుడు, నిలువు గొట్టములో దిగు నీరు తనతో గాలిని గూడ ఈడ్చుకొని పోవును. ఆ పోయిన గాలికి బదులు వేఱు గాలి రావలెను. పైన తెరచిన గొట్టమున్నచో ఆకాశమునుండి వచ్చును. లేనిచో ఎక్కడినుండి వచ్చును? ఆ గొట్టమునకు అతుకబడిన బేసినుల ట్రాపులలోని నీటిని చీల్చుకొని మన గదినుండియే వచ్చును. అప్పుడు బేసినులో గుడగుడమని చప్పుడగును. గుడుగుడి పీల్చిన ముసలివారిని చూచినవారికి ఈ చప్పుడు క్రొత్త కాదు. గుడుగుడిలో నీటి గుండ పొగ వచ్చును. ఇక్కడ నీటి గుండ గాలి పోవును. యంత్రము ఒక్కటే. గుడగుడ వినిపించిన ప్రతిసారియు నీటి అడ్డులో కొంత నీరు వెడలిపోయినదని తెలియుడు.

త్రోయుట దీనికి వ్యతిరేకము. సీసా మూతికి గరాటును బిగువుగా నుంచి నూనె పోయుడు. కొంత దిగి ఆగిపోవును. గరాటును వ్రేలితో కొంచెము పైకెత్తినచో బుసుక్కున గాలి వెడలి నూనె దిగును. మన సెప్టిక్ ట్యాంకు ఆ సీసా, మన మరుగుదొడ్డి ఆ గరాటు. దిగు నీటితో గాలి తొట్టిలోనికి పోవుచున్నది. లోపల వాయువు పుట్టుచునేయున్నది. వెలుపలికి త్రోవ లేనిచో నీరు దిగదు, దిగినను బేసినులో పైకి పొంగి బుడగలు వచ్చును. ఇల్లాలు మేస్త్రీని పిలిపించును, మేస్త్రీ గొట్టములో ఏదో అడ్డుపడినదని వెదురు బద్ద దూర్చును, ఏమియు దొరకదు. అడ్డుపడినది గాలి యని తట్టువారు అరుదు.

ఎంత ఒత్తిడివరకు సహింపవచ్చును? 1920 దశకము తొలి సంవత్సరములలో అమెరికా వాణిజ్యశాఖవారు చిన్న యిండ్ల గొట్టములను గూర్చి విచారణ చేయించిరి. వాషింగ్టను నగరమున జాతీయ ప్రమాణ సంస్థలో రాయ్ హంటర్ అను శాస్త్రజ్ఞుడు గొట్టములు నిలువబెట్టి, నీళ్ళు వదలి, ట్రాపులలోని నీరు ఎంత కదలుచున్నదో కొలిచెను. అంతకు పూర్వము ఊరికొక శాసనము, మేస్త్రీకొక మాట. గొట్టములెన్ని యెక్కువైన అంత మేలని కొందఱు, వృథా ఖర్చని కొందఱు. ఈ పరీక్షలవలన చిన్న యింటికి అన్ని గొట్టములు అక్కఱలేదనియు, కాని యున్న ఒక్కటి సరియైన లావుతో నుండితీరవలెననియు తేలెను. నేటికిని ఈ శాస్త్రమునకు మూలసూత్రమొకటి గలదు: గొట్టములలోని గాలి ఒత్తిడికిని గదిలోని గాలి ఒత్తిడికిని భేదము ఒక అంగుళము నీటి ఎత్తునకు, అనగా 25 మిల్లీమీటర్లకు, మించరాదు. రెండంగుళముల నీటి అడ్డు ఈ భేదమునకు తట్టుకొనును. మన పల్లె బేసినులోని 20 మిల్లీమీటర్ల అడ్డు తట్టుకొనజాలదు. కావున అట్టి బేసినును సెప్టిక్ ట్యాంకునకు కలిపిన యింట గాలి గొట్టము మఱింత ధారాళముగా నుండవలెను. తక్కువ నీటి బేసినుకు సన్నని గొట్టము చాలునను మాట తరచుగా వినుచున్నాను. అది తలక్రిందులైన మాట.

ఇక లావు సంగతి. ఇచ్చట కొంచెము లెక్క కావలెను.

రెండంగుళముల గొట్టము అంగుళపు గొట్టమునకు రెట్టింపని మన కన్నులు చెప్పును. కన్నులు చెప్పునది నిజము కాదు. గొట్టము నోటి వైశాల్యము అడ్డుకొలత యొక్క వర్గమును బట్టి యుండును గనుక, రెండంగుళముల గొట్టము నాలుగు అంగుళపు గొట్టములకు సమానము. ఇంతటితోను కాలేదు. సన్నని గొట్టములో గాలి గోడలను రాచుకొని పోవలెను. ఆ రాపిడి చాల హెచ్చు. ఒకే పరిమాణపు గాలిని సగము లావు గొట్టములోనుండి పంపవలెనన్న సుమారు 32 రెట్లు ఒత్తిడి కావలసివచ్చును. రెండంగుళములకు మారుగా అంగుళమున్నర వేసినను నాలుగు రెట్లు పైగా కావలెను. అరంగుళము తగ్గించితిమి గదా, పోనిండు అనుకొనుటకు వీలులేదు. అంగుళపు గొట్టము నిలువబెట్టుట గొట్టము లేకుండుటతో దాదాపు సమానమే. పైపెచ్చు, గొట్టమున్నదను భ్రమ ఇంటివారికి మిగులును.

ఇటీవలి అమెరికా నియమావళులలో సులభమైన సూత్రమొకటి యున్నది. గాలి గొట్టము తాను కాపాడు మురికి గొట్టపు అడ్డుకొలతలో సగమునకు తక్కువ కారాదు. మరుగుదొడ్డి గొట్టము నాలుగంగుళములు గనుక గాలి గొట్టము రెండంగుళములు. పొడవు 40 అడుగులు దాటినచో మొదటినుండి తుదివరకు ఒక మెట్టు లావు పెంచవలెను. మన దేశపు ప్రమాణ నియమములలోను సెప్టిక్ ట్యాంకునకు కనీసము 50 మిల్లీమీటర్ల గాలి గొట్టము విధింపబడినది. రెండు దేశములవారి లెక్కయు ఇంచుమించు ఒక్కచోటికే వచ్చుట గమనింపుడు.

ఇక్కడ దుకాణములో మోసపోవుటకు ఒక సందు గలదు. దుకాణదారుని తప్పు గాదు, కొలత పద్ధతిలోనే యున్నది. పీవీసీ గొట్టముమీద అచ్చువేసిన అంకె వెలుపలి కొలత. లోపలి రంధ్రము అంతకంటె తక్కువ. 50 అని యున్న గొట్టము మందముగలదైనచో లోపల 44 మిల్లీమీటర్లు కూడ నుండదు. కావున నిజముగా 50 మిల్లీమీటర్ల దారి కావలెనన్న 63 అంకె గల గొట్టము నడుగుడు. నన్నడిగినచో దానికంటె ఒక మెట్టు పైది, 75 అంకె గలది, కొనుడని చెప్పుదును. 63 గొట్టముతో పోల్చినచో దానియందు గాలికి కలుగు నిరోధము సగమునకు తక్కువ. కందిరీగలు గూడు పెట్టినను, సాలెపురుగు అల్లినను కొంత దారి మిగులును. ధరలో భేదము ఇంటి ఖర్చులో లెక్కకు రానిది. ఆదా చేయవలెనని తోచినచో మందములో చేయుడు. ఈ గొట్టములు రెండు తరగతులుగా అమ్మబడును. పలుచని తరగతి గాలికిని వాననీటికిని ఉద్దేశింపబడినది, మందపు తరగతి మురికి నీటికి. గాలి గొట్టమునకు పలుచనిదే చాలును. మందములో తగ్గించినచో గాలికి నష్టము లేదు, లావులో తగ్గించినచో నష్టము గలదు.

మేడ యున్న యింటికి వేఱు పద్ధతి మేలు. మేడమీది మరుగుదొడ్డినుండి దిగు నాలుగంగుళముల నిలువు గొట్టమును, అనగా 110 అంకె గలదానిని, బేసిను దగ్గఱ ఆపివేయక, అదే లావుతో పైకప్పు దాటించి తెరచి యుంచుడు. నడుమ సన్నము చేయకుడు. మురికి క్రిందికి దిగు దారియే పైన గాలి వచ్చు దారి యగును. ఈ గొట్టమునకు, తొట్టికి నడుమ చాంబరులో మఱియొక ట్రాపు లేనియెడల తొట్టిలోని వాయువు కూడ ఈ దారినే పైకి పోవును. ట్రాపున్నచో పోదు, అప్పుడు తొట్టికి వేఱు గొట్టము తప్పదు. రెండునుండుట ఇంకను మంచిది.

ఒక్క అంతస్తుగల చిన్న యింటిలో, మరుగుదొడ్డి గొట్టము కొద్ది దూరములోనే చాంబరునకు చేరునట్టిదైనచో, తొట్టిమీది ఒక్క గాలి గొట్టము చాలును. బేసినుకొకటి, సింకుకొకటి వేఱువేఱుగా అక్కఱలేదు. కాని ఇక్కడ ఒక షరతు గలదు. చేతులు కడుగుకొను బేసిను గొట్టము సన్నమైనది. నీరు వదలగానే నిండుగా పాఱును. నిండుగా పాఱు గొట్టము పొడవైనచో తన ట్రాపులోని నీటిని తానే పీల్చివేయును. ఇంగ్లండు దేశపు నిబంధనలలో 32 మిల్లీమీటర్ల బేసిను గొట్టము వేఱు గాలి దారి లేకుండ 1.7 మీటర్లకు మించరాదనియు, 40 మిల్లీమీటర్లదైనచో 3 మీటర్ల వరకు పోవచ్చుననియు ఉన్నది. మన యిండ్లలో వరండా కొననుండు బేసిను గొట్టము గోడవెంబడి పది పదునైదడుగులు పోవుట కద్దు. చేతులు కడిగిన వెంటనే గుడగుడ వినిపించి, గడియ తరువాత కంపు వచ్చుట కదియే కారణము. ఆ గొట్టమును 40 చేయుడు, లేదా బేసినును దగ్గఱకు జరుపుడు.

ఎత్తును గూర్చి. మన ప్రమాణ నియమము ప్రకారము తొట్టి ఇంటికి 15 మీటర్లకు తక్కువకాని దూరముననున్నచో గొట్టము రెండు మీటర్ల ఎత్తున్న చాలును. అంతకు దగ్గఱగా నున్నచో ఇంటి పైకప్పుకంటె రెండు మీటర్లు పైకి పోవలెను. మన పల్లెలలో తొట్టికి ఇంటికి ఏబది అడుగుల దూరమున్న పెరడు ఎందఱికున్నది? కావున అందఱికిని రెండవ నియమమే వర్తించును. ఇల్లన్నప్పుడు మన ఇల్లు మాత్రమే కాదు. మన డాబా ఒక అంతస్తు, పొరుగువారిది రెండంతస్తులైనచో మన గొట్టపు నోరు వారి కిటికీ యెదుట తెరచుకొనును. ఊరిలో ఇట్టి తగవులు పెద్దమనుష్యుల యెదుటికి వచ్చుచున్నవి. సామాన్యముగా గొట్టము మూసివేయుమని తీర్పు చెప్పుదురు. అది న్యాయమువలె కనబడును గాని, అపాయమును ఒక యింటినుండి తీసి మఱియొక యింటిలో పెట్టుట యగును. గొట్టమును పెంచుమని చెప్పుట సరియైన తీర్పు. మూడు మీటర్ల లోపల కిటికీ యున్నచో దాని పైభాగముకంటె కనీసము 900 మిల్లీమీటర్లు, అనగా గజమంత, ఎత్తుండవలెనని ఇంగ్లండు నిబంధన. తీర్పు చెప్పువారికి ఈ కొలత ఉపయోగపడవచ్చును.

గొట్టపు అడుగు కొన తొట్టిలో నీటిపై నున్న ఖాళీ స్థలములోనికి తెరచుకొనవలెను. కొందఱు మేస్త్రీలు గట్టిగా నిలుచునని దానిని లోతుగా దింపుదురు. తేలియాడు మడ్డి దాని నోటిని కప్పివేయును. అంతటితో గొట్టము ఉత్త స్తంభమగును. నడుమ వంపులు రెండింటికి మించరాదు. అడ్డముగా పోవు ముక్క యున్నచో, లోపల చేరిన చెమ్మ తొట్టిలోనికే మరల జారునట్లు వాలుగా నుంచుడు. లేనిచో ఆ నీరు వంపులో నిలిచి తానొక ట్రాపగును.

పైకొనకు దోమల జాలి తప్పక కట్టవలెను. తొట్టిలోని మురికినీటిలో గ్రుడ్లు పెట్టు క్యూలెక్స్ దోమయే బోదకాలు వ్యాధిని ఒకరినుండి మఱియొకరికి చేర్చును. కోస్తా జిల్లాల పెద్దలకు బోదకాలు ఎట్టిదో నేను వర్ణింపనక్కఱలేదు. జాలిలేని గొట్టము ఆ దోమకు రాకపోకల సింహద్వారము. అయితే జాలి తీగలే నోటిలో కొంత భాగమును మూసివేయును. దుమ్ము పట్టిన కొలదియు ఇంకను మూయును. కావున గుడ్డముక్కవలె నోటికి బిగించి కట్టక, చిన్న పంజరమువలె ఉబ్బెత్తుగా కట్టినచో గాలికి దారి తగ్గదు. గొట్టమును 75 కొనుమని చెప్పుటకు ఇదియు ఒక కారణము.

ఇంతవరకు చెప్పినదంతయు సెప్టిక్ ట్యాంకు గల యిండ్లకు. రెండు గుంతల మరుగుదొడ్డి గలవారు ఈ మాటలు విని గొట్టము కొనుటకు పరుగెత్తవలదు. ఆ పద్ధతిలో గుంత అడుగును కట్టక, ప్రక్కలను రంధ్రములు విడిచి కట్టుదురు. నీరును వాయువును చుట్టునున్న మట్టిలోనికి ఇంకిపోవును. అక్కడ గాలి గొట్టము అనవసరము. పెట్టినచో దోమలకు దారి, ఇంటికి కంపు. ఒక గుంత నిండినప్పుడు రెండవదానికి దారి మార్చి, మొదటిదానిని ఏడాదికి పైగా కదపకయున్నచో అందలిది వాసనలేని ఎరువగును. 2017వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో వరంగల్ ప్రాంతమునందలి గంగదేవిపల్లి గ్రామమున, నాటి కేంద్ర త్రాగునీటి పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు అట్టి గుంతలో స్వయముగా దిగి ఎరువును చేతితో తీసి చూపిరి. గొట్టము లేని గుంత అది.

పుస్తకములలో ఆఱంగుళముల లావు గొట్టముగల మరుగుదొడ్ల బొమ్మలు చూచి కొందఱు మేస్త్రీలు అదియే సరియని వాదింతురు. అది వేఱు జాతి. 1970 దశకమున జింబాబ్వే దేశమున పీటర్ మోర్గన్ అను శాస్త్రజ్ఞుడు నీరు కొఱతగా నున్న పల్లెలకై దానిని రూపొందించెను. అందు నీటి అడ్డే లేదు. గాలి విసురుచేతనే గది కంపును గొట్టముగుండ పైకి లాగవలెను గనుక అంత లావు. గుంతలోని ఈగలు వెలుగు కనబడు గొట్టములోనికే ఎగిరి, పైని జాలివద్ద చిక్కి చచ్చును. ముచ్చటైన ఉపాయము. కాని మన నీటి బేసినులకు దానితో పనిలేదు.

గాలి గొట్టము చేయలేని పనులు రెండు గలవు. వాటిని చెప్పక విడుచుట ధర్మము కాదు.

ట్రాపులోని నీరు ఎండిపోయినచో గొట్టమేమియు చేయజాలదు. 2003వ సంవత్సరమున హాంకాంగ్ నగరమునందలి ఆమోయ్ గార్డెన్స్ అను గృహసముదాయమున సార్స్ అను ఊపిరితిత్తుల వ్యాధి మూడు వందలమందికి పైగా సోకెను. స్నానపుగది నేలమీది ట్రాపులలో నీరు పోయువారు లేక అవి ఎండియుండెననియు, గదిలోని గాలిపంకా మురికి గొట్టములోని తుంపరలను ఇంటిలోనికి లాగెననియు విచారణలో తేలెను. మన యూళ్ళలో పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో పోగా, తాళము వేసిన యిండ్లు ఎన్ని లేవు? వేసవిలో కొన్ని వారములకే ట్రాపు ఎండును. తాళము వేయుటకు ముందు ప్రతి ట్రాపులోను ఒక చెంబెడు నీరు పోసి, పైన ఒక గరిటెడు నూనె వేయుడు. నూనె పొర నీటిని ఆవిరి కానీయదు. పండుగలకు మాత్రమే తెరచు అతిథుల గదికిని ఇదియే మందు.

రెండవది ఇంకను ముఖ్యము. గాలి గొట్టమున్నది గదా యని తొట్టిలోనికి మనిషిని దింపరాదు. గొట్టము ఒత్తిడిని తీర్చును గాని విషమును తీర్చదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెముగా నున్నప్పుడు కంపు కొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కునకు వాసన తెలియు శక్తియే నశించును. కంపు తగ్గినదని దిగినవాడు ఆ క్షణముననే కూలును. వానిని తీయుటకు దిగిన అన్నయు, అన్నకొఱకు దిగిన తండ్రియు కూలిన యిండ్ల వార్తలను మీరు పత్రికలలో చదివియే యుందురు. 2013వ సంవత్సరపు చట్టము రక్షణ సాధనములు లేకుండ మనిషిచేత సెప్టిక్ ట్యాంకు శుభ్రము చేయించుటను నిషేధించినది. అట్టి మరణమునకు ముప్పది లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని సుప్రీము కోర్టు 2023వ సంవత్సరము అక్టోబరులో ఆజ్ఞాపించినది. తొట్టి నిండినప్పుడు పంపుగల బండిని పిలిపింపుడు. మూత తెరచినచోట దీపముగాని చుట్టగాని ఉంచకుడు, మీథేన్ మండును.

ఇప్పటికే కట్టిన యిండ్ల మాట. మీ యింటి గొట్టము చాలునో చాలదో తెలిసికొనుటకు ఇంజనీరు అక్కఱలేదు. నహానీ ట్రాపు మీది జల్లెడ తీసి, అందలి నీరు నిశ్చలముగా నుండునట్లు చూచుచు, మరుగుదొడ్డిలో ఒక నిండు బకెట్టు నీరు ఒక్కసారిగా కుమ్మరింపుడు. ఒకరు పోయవలెను, ఒకరు చూడవలెను. ట్రాపులోని నీరు కొంచెము ఊగి ఊరకున్నచో మంచిది. బుడగలు వచ్చినను, గుడగుడమన్నను, నీటిమట్టము తగ్గినను గాలి చాలుట లేదు. అప్పుడు మొట్టమొదట గొట్టము పైకొనను చూడుడు. పది యిండ్లలో కొన్నింటి దోషము అక్కడనే, పిట్టగూటిలోనో ఎవరో తొడిగిన మూతలోనో, బయటపడును. అది శుభ్రముగా నున్నచో లావు కొలువుడు. అంగుళముగాని అంగుళమున్నరగాని యైనచో దానిని తీసి 75 గొట్టము పెట్టింపుడు. తొట్టి మూతలోని రంధ్రమును కూడ పెద్దది చేయవలెను. క్రింద సన్నని ముక్కను విడిచి పైన లావు గొట్టము అతికినచో గాలికి క్రిందనే గొంతు నొక్కినట్లగును.

క్రొత్తగా కట్టువారు తొట్టిమీద మూత బిళ్ళ పోయుటకు ముందే రంధ్రము విడువుమని మేస్త్రీకి చెప్పుడు. గట్టిపడిన తరువాత పగులగొట్టుట కష్టము. ఇక జాలి సంగతి యొకటి మిగిలినది. సంక్రాంతికి గోడలకు సున్నము వేయునప్పుడు నిచ్చెన ఎట్లును తెచ్చుదురు. ఆ నిచ్చెన మీదినుండియే జాలిని విప్పి, దులిపి, చినిగినచో మార్చి, మరల కట్టింపుడు.